బిడ్డకు పేరు పెట్టడం: పుట్టిన నిమిషం నుంచి బియ్యంలో రాసేదాకా

కోనసీమలోనైనా, భీమవరం, పాలకొల్లు వైపైనా పురుడు కబురు అందిన కాసేపటికే సిద్ధాంతిగారికి ఫోను వెళ్తుంది. "పిల్లాడండి, రాత్రి రెండింటికండి, ఏ అక్షరం వచ్చిందండి?" అని. ఆ "రెండింటికి" అన్న మాట దగ్గరే సగం తప్పులు పుడతాయి. రెండు గంటలకా, పావు తక్కువ రెండుకా అన్నదాన్ని బట్టి జన్మ నక్షత్రంలో పాదం (నాలుగో వంతు) మారుతుంది, పాదంతో పేరు మొదటి అక్షరం మారుతుంది. పేర్ల పుస్తకం తెరిచే ముందు చేయాల్సిన పని చాలా ఉంది.

సమయం పట్టుకోవడం

ఆసుపత్రిలో ఒకే కాన్పుకు రెండు మూడు చోట్ల సమయం రాస్తారు: కాన్పుల రిజిస్టరులో, తల్లి కేసు షీటులో, డిశ్చార్జి కాగితంలో. మొదటి రెండూ అప్పటికప్పుడు రాసేవి. డిశ్చార్జి కాగితం రోజుల తర్వాత తయారయ్యేది, అందులో 1.55 కాస్తా 2.00 అయిపోవడం మామూలే. అందుకని డ్యూటీలో ఉన్న నర్సమ్మను అడిగి కేసు షీటులో ఉన్న నిమిషాన్నే రాసుకోండి. గది బయటికి బిడ్డను తెచ్చి చూపించిన సమయం పనికిరాదు. తుడిచి, బరువు చూసి తెచ్చేసరికి పది ఇరవై నిమిషాలు గడిచిపోతాయి.

శిరస్సు కనబడిన క్షణమా, పూర్తిగా బయటపడిన క్షణమా, మొదటి ఏడుపా అన్న చర్చ పండితుల్లో ఉంది. ఆచరణలో ఆసుపత్రి రాసిన సమయాన్నే అందరూ తీసుకుంటున్నారు, అదే మేలు.

అర్ధరాత్రి దాటాక పుట్టినవాళ్ళ విషయంలో ఇంకో పొరపాటు. ఆసుపత్రి తేదీ రాత్రి 12కి మారుతుంది, మన రోజు సూర్యోదయానికి మారుతుంది. మంగళవారం 1.55కి పుట్టిన బిడ్డ మన లెక్కలో సోమవారం రాత్రి, తెల్లవారితే మంగళవారం అనగా పుట్టినట్టు. సిద్ధాంతిగారికి చెప్పేటప్పుడు ఆ మాట అలాగే చెప్పండి. ఉత్త తేదీ చెబితే ఒక రోజంతా ముందుకో వెనక్కో పోయిన జాతకాలు ఉన్నాయి.

నక్షత్రం, పాదం లెక్క

చంద్రుడు ఒక్కో నక్షత్రంలో సుమారు ఒక రోజు ఉంటాడు. వేగాన్ని బట్టి అది 24 గంటలకు కాస్త అటూ ఇటూ అవుతుంది. దాన్ని నాలుగు భాగాలు చేస్తే పాదాలు. 27 నక్షత్రాలకు 108 పాదాలు, పాదానికో అక్షరం.

పంచాంగంలో నక్షత్రం ముగిసే సమయం మాత్రమే ఉంటుంది. మొదలయ్యే సమయం కావాలంటే ముందు నక్షత్రం ఎప్పుడు ముగిసిందో చూడాలి. ఉదాహరణకు చిత్త సోమవారం మధ్యాహ్నం 2.10కి అయిపోయింది, స్వాతి మంగళవారం మధ్యాహ్నం 1.26 దాకా ఉంది అనుకోండి. స్వాతి మొత్తం నిడివి 23 గంటల 16 నిమిషాలు. నాలుగో వంతు 5 గంటల 49 నిమిషాలు. మొదటి పాదం సోమవారం రాత్రి 7.59 వరకు, రెండోది 1.48 వరకు, మూడోది ఉదయం 7.37 వరకు, నాలుగోది 1.26 వరకు. 1.40కి పుడితే రెండో పాదం, అక్షరం రే. 1.55కి పుడితే మూడో పాదం, అక్షరం రో. పదిహేను నిమిషాల తేడాతో రేవంత్ కాస్తా రోహిత్ అవుతాడు.

మీ పంచాంగంలో గంటలు కాక ఘడియలు వేసి ఉంటే: ఘడియ అంటే 24 నిమిషాలు, 60 విఘడియలు ఒక ఘడియ. స్వాతి 18-25 అని ఉంటే 18 ఘడియలకు 432 నిమిషాలు, 25 విఘడియలకు 10 నిమిషాలు, మొత్తం 7 గంటల 22 నిమిషాలు. ఆ రోజు సూర్యోదయం 6.04 అయితే దానికి కలపండి, 1.26 వస్తుంది. ఘడియల లెక్క సూర్యోదయం మీద ఆధారపడుతుంది కాబట్టి ఊరిని బట్టి మారుతుంది. గంటల్లో వేసిన సమయానికి ఆ ఇబ్బంది లేదు, అమలాపురానికీ హైదరాబాదుకూ అదే.

పాదం మారే గీతకు పది పదిహేను నిమిషాల దూరంలో బిడ్డ పుడితే ఈ నాలుగో వంతు లెక్కను నమ్మకండి. చంద్రుడి వేగం ఆ ఒక్క రోజులోనే కొద్దిగా మారుతుంది. అప్పుడు జాతకం వేసే సాఫ్ట్‌వేరులో లాహిరి అయనాంశ (రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో చెప్పే సవరణ) పెట్టి చంద్రుడి స్ఫుటం, అంటే ఆ క్షణాన ఏ రాశిలో ఎన్ని డిగ్రీల దగ్గర ఉన్నాడో చూడండి. స్వాతి తులలో 6 డిగ్రీల 40 నిమిషాలకు మొదలవుతుంది, ఒక్కో పాదం 3 డిగ్రీల 20 నిమిషాలు. చంద్రుడు తులలో 13 డిగ్రీల 24 నిమిషాల దగ్గర ఉంటే నక్షత్రంలో 6 డిగ్రీల 44 నిమిషాలు నడిచినట్టు. రెండు పాదాలకు 6 డిగ్రీల 40 నిమిషాలు పోగా మూడో పాదంలోకి అప్పుడే అడుగుపెట్టాడు.

రెండు పంచాంగాలు రెండు మాటలు చెబితే కంగారుపడకండి. ఒకటి దృగ్గణితం (ఆకాశంలో కనబడే స్థానాలకు సరిపడే లెక్క), ఇంకొకటి పూర్వపద్ధతి (పాత సిద్ధాంత గ్రంథాల లెక్క) అయి ఉంటుంది. రెంటి మధ్య గంటల తేడా కూడా రావచ్చు. మీ ఇంట్లో తద్దినాలకు, పెళ్ళిళ్ళకు ఏ పంచాంగం చూస్తారో దాన్నే చూడండి. నచ్చిన అక్షరం వచ్చేదాకా పంచాంగాలు మార్చుకుంటూ పోవడం మాత్రం తగదు.

అమెరికాలో పుట్టిన మనవల సంగతి. అక్కడి సమయాన్ని మన సమయంలోకి మార్చి మన పంచాంగమే చూడవచ్చు. డల్లాస్‌లో జనవరిలో రాత్రి 9.30 అంటే ఇక్కడ మర్నాడు ఉదయం 9.00. అదే జూన్‌లో అయితే 8.00, ఎందుకంటే వేసవిలో అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు. ఈ గంట మరిచిపోతే పాదం తప్పడానికి మంచి అవకాశం ఉంది. నక్షత్రం, తిథి ఇలా చూసుకోవచ్చు గానీ, వారం, లగ్నం మాత్రం బిడ్డ పుట్టిన ఊరి సూర్యోదయాన్ని, ఆ ఊరి అక్షాంశ రేఖాంశాలను బట్టే.

పాదాల అక్షరాలు

అశ్విని: చు, చే, చో, లా
భరణి: లీ, లూ, లే, లో
కృత్తిక: ఆ, ఈ, ఊ, ఏ
రోహిణి: ఓ, వా, వీ, వూ
మృగశిర: వే, వో, కా, కీ
ఆర్ద్ర: కూ, ఘ, ఙ, ఛ
పునర్వసు: కే, కో, హా, హీ
పుష్యమి: హూ, హే, హో, డా
ఆశ్లేష: డీ, డూ, డే, డో
మఖ: మా, మీ, మూ, మే
పుబ్బ: మో, టా, టీ, టూ
ఉత్తర: టే, టో, పా, పీ
హస్త: పూ, ష, ణ, ఠ
చిత్త: పే, పో, రా, రీ
స్వాతి: రూ, రే, రో, తా
విశాఖ: తీ, తూ, తే, తో
అనూరాధ: నా, నీ, నూ, నే
జ్యేష్ఠ: నో, యా, యీ, యూ
మూల: యే, యో, బా, బీ
పూర్వాషాఢ: బూ, ధా, భా, ఢా
ఉత్తరాషాఢ: బే, బో, జా, జీ
శ్రవణం: జూ, జే, జో, ఖా
ధనిష్ఠ: గా, గీ, గూ, గే
శతభిషం: గో, సా, సీ, సూ
పూర్వాభాద్ర: సే, సో, దా, దీ
ఉత్తరాభాద్ర: దూ, థ, ఝ, ఞ
రేవతి: దే, దో, చా, చీ

ఉత్తరాభాద్ర దగ్గర పంచాంగానికీ పంచాంగానికీ వరుస మారుతుంది, కొన్నింట్లో శ్య కూడా కనబడుతుంది. మీ పురోహితులు వాడేదాన్నే పట్టుకోండి.

పట్టిక చదవడంలో చిక్కులు

హ్రస్వ దీర్ఘాలకు పట్టింపు లేదు. మా అని ఉంటే మనోజ్, మాధవి రెండూ సరే. ఐత్వం ఏత్వంలోకి, ఔత్వం ఓత్వంలోకి వెళ్తాయి. కాబట్టి గౌతమి ధనిష్ఠ పేరు కాదు, శతభిషం మొదటి పాదం పేరు. చాలామంది గ అని చూసి ధనిష్ఠలో వేసేస్తారు. ఒత్తు ఉన్న అక్షరానికి మొదటి హల్లును, దాని మీది గుణింతాన్ని తీసుకుంటారు: ప్రణవ్ అంటే పా, ఉత్తర మూడో పాదం.

బ-వ, శ-స, ష-ఖ జంటలను ఒకటిగా చూడటం శాస్త్రంలో ఉన్నదే. శాంతి, శారద పేర్లు శతభిషం రెండో పాదానికి చెల్లుతాయి. శ్రవణం నాలుగో పాదంలో ఖా వచ్చినవాళ్ళు షణ్ముఖ అని పెట్టుకునేది ఈ దారినే. ఙ, ఞ, ణ అక్షరాలతో పేర్లు మొదలుకావు గనక వాటికి వరుసగా గ, జ, డ తీసుకోవాలి. ఆర్ద్ర మూడో పాదానికి గ, ఉత్తరాభాద్ర నాలుగో పాదానికి జ, హస్త మూడో పాదానికి డ.

ఇంటర్నెట్‌లో చూసేవాళ్ళకు రెండు హెచ్చరికలు. మొదటిది, ఇంగ్లీషు అక్షరాల్లో వేసిన పట్టికలో త-ట, ద-డ ఒకేలా కనబడతాయి. స్వాతి నాలుగో పాదానిది తా, పుబ్బ రెండో పాదానిది టా. పుష్యమి నాలుగో పాదానిది డా, పూర్వాభాద్ర మూడో పాదానిది దా. పుష్యమి పిల్లకు దమయంతి అని పెట్టి అక్షరం కుదిరిందనుకునేవాళ్ళు ఇక్కడే పడిపోతారు. రెండోది, ఉత్తరాది పట్టికల్లో అభిజిత్తు అనే 28వ నక్షత్రాన్ని విడిగా లెక్కేసి జూ, జే, జో, ఖా దానికిచ్చేస్తారు, శ్రవణానికి ఖీ, ఖూ, ఖే, ఖో మిగులుతాయి. మన పంచాంగాల్లో శ్రవణానికి జూ, జే, జో, ఖా. శ్రవణ నక్షత్రంలో పుట్టిన పిల్లకు "ఖే" తో పేరు దొరకడం లేదని బాధపడేవాళ్ళు ఒకసారి మన పంచాంగం తిరగేస్తే "జో" తో జ్యోత్స్నో, జోగులాంబో దొరుకుతుంది.

అక్షరం కుదరకపోతే

ఆర్ద్ర రెండో పాదం ఘ, పూర్వాషాఢ నాలుగో పాదం ఢా, హస్త నాలుగో పాదం ఠ. వీటితో చక్కటి పేరు కట్టడం కష్టం. అలాంటప్పుడు అర్థం లేని మూడక్షరాలు అతికించే కంటే సంప్రదాయం చూపించిన దారి పట్టండి. నామకరణంలో ఒక్క పేరే పెట్టాలని లేదు. మాస నామం, నక్షత్ర నామం, దేవతా నామం, వ్యావహారిక నామం అని నాలుగు పెట్టే పద్ధతి ఉంది. మాస నామం నెలను బట్టి వస్తుంది: మార్గశిరానికి కేశవుడు, పుష్యానికి నారాయణుడు, మాఘానికి మాధవుడు, ఫాల్గుణానికి గోవిందుడు, చైత్రానికి విష్ణువు, అలా కార్తీకానికి దామోదరుడు. నక్షత్ర నామం అక్షరంతో బియ్యంలో రాసి చెవిలో చెబితే చాలు. బడిలో, ఆధార్‌లో ఉండే వ్యావహారిక నామం మీ ఇష్టం.

ఇక్కడ ఒక జాగ్రత్త. జన్మ నక్షత్రం తెలియనివాళ్ళకు పేరు మొదటి అక్షరంతో నామ నక్షత్రం చూస్తారు. మీ పిల్లకు పిలుపు పేరు వేరే అక్షరంతో పెడితే, పెళ్ళి సంబంధాలప్పుడు ఎవరో ఒకరు పేరును బట్టి నక్షత్రం చెప్పేస్తారు. అందుకని జన్మ నక్షత్రం, పాదం, రాశి కాగితం మీద రాసి ఉంచాలి. రాశి కూడా ఎందుకంటే, కృత్తిక మొదటి పాదం మేషం, మిగతా మూడూ వృషభం. చిత్త రెండు పాదాలు కన్య, రెండు తుల.

పేరు కట్టడం

ఆపస్తంబ గృహ్యసూత్రం మగపిల్లవాడికి రెండు లేదా నాలుగు అక్షరాలు, ఆడపిల్లకు బేసి అక్షరాలు చెప్పింది. రామ, నరసింహ, జానకి, గాయత్రి ఈ లెక్కకు సరిపోతాయి. మరి సీత? రెండక్షరాలే. దీన్నిబట్టి ఆ నియమాన్ని ఎంతవరకు పట్టుకోవాలో మీకే తెలుస్తుంది. కుదిరితే పాటించండి, కుదరకపోతే పేరు చెడదు.

గోదావరి జిల్లాల్లో ఇంటి దేవుడి పేరు కలపడం బలమైన ఆనవాయితీ. అన్నవరం మొక్కు ఉన్న ఇళ్ళలో వీర వెంకట సత్యనారాయణ, అంతర్వేది స్వామిని కొలిచే చోట నరసింహ, ద్రాక్షారామం వైపు భీమేశ్వర, మాణిక్యాంబ, అయినవిల్లి మొక్కుకు గణేశుడి పేర్లు, ర్యాలి వైపు కేశవ, భీమవరంలో మావుళ్ళమ్మ పేరు. దానికి తాతగారి పేరు, మొక్కుకున్న ఇంకో దేవుడి పేరు, చివర ఫ్యాషను పేరు చేరి ఐదారు మాటలవుతుంది. బారసాలలో అంత పేరు చదవడం బాగానే ఉంటుంది. కాగితాల్లో మాత్రం ఇంటిపేరు కాక రెండు మాటలు దాటనివ్వకండి. మిగతావి దేవతా నామంగా పూజలో చెప్పించండి. పొడుగు పేరును ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాలతో రాయడం వల్లే పాస్‌పోర్టు దగ్గర చిక్కులు వస్తాయి.

తాతగారి పేరో, నాయనమ్మ పేరో పెడితే కోడలు ఆ పేరుతో పిల్లను కేకేసి పిలవలేదు, తిట్టనూ లేదు. మన వైపు ఇంటికో అబ్బులు, బుల్లి, చంటి, పండు, అమ్మాజీ ఉండటానికి ఇదీ ఒక కారణం. ముద్దుపేరు ముందే అనుకోండి. లేకపోతే ఎదురింటివాళ్ళు పెట్టేదే జీవితాంతం ఉండిపోతుంది.

అర్థం తప్పకుండా సంస్కృత నిఘంటువులో చూడండి, పేర్ల వెబ్‌సైట్లలో కాదు. ఆర్తి అంటే బాధ. దేవుడికిచ్చే హారతి అనుకుని పెట్టేస్తుంటారు. తమస్విని అంటే చీకటి రాత్రి. కొన్ని పేర్లకు అసలు ఏ నిఘంటువులోనూ చోటు లేదు, కానీ వెబ్‌సైటులో "లక్ష్మీదేవి" అని అర్థం రాసి ఉంటుంది. సంఖ్యాశాస్త్రం పేరుతో ఇంగ్లీషు స్పెల్లింగులో అక్షరాలు రెట్టించడం గురించి ఒక్క మాట: నక్షత్ర నామానికీ దానికీ సంబంధం లేదు, ఆఫీసుల్లో తప్పు రాయించుకోవడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

చివరగా వీధిలో పిలిచినట్టు గట్టిగా పదిసార్లు పిలిచి చూడండి. ఇంటిపేరుతో కలిపి ఒకసారి, పొడి అక్షరాలతో ఒకసారి.

శాంతి ఉందంటే

మూల, జ్యేష్ఠ, ఆశ్లేషల్లో పుట్టినా, రేవతి-అశ్విని, ఆశ్లేష-మఖ, జ్యేష్ఠ-మూల సంధుల్లో పుట్టినా శాంతి చేయమంటారు. మామూలుగా 27వ రోజున, అదే నక్షత్రం తిరిగి వచ్చినప్పుడు చేస్తారు. తండ్రి బిడ్డ ముఖాన్ని నేరుగా కాక నూనెలో ముందు చూడటం ఇందులో భాగం. మిగతా నక్షత్రాల్లో ఏ పాదానికి శాంతి అన్నది పంచాంగంలోనే వేసి ఉంటుంది. దీనికీ పేరు అక్షరానికీ ముడిపెట్టనక్కర్లేదు, మూల పిల్లకు యే, యో, బా, బీ తోనే పేరు.

రోజు, బారసాల

పది రోజులు పురుడు, పదకొండో రోజు పురిటి స్నానం. నామకరణానికి శాస్త్రం చెప్పిన రోజు అదే, ఆ రోజు చేస్తే మౌఢ్యం (మూఢం) వగైరా చూడనక్కర్లేదు. వర్జ్యం, దుర్ముహూర్తం తప్పించుకుంటే చాలు. మన వైపు చాలా ఇళ్ళు 21వ రోజున చేస్తున్నాయి. ఇంకా వాయిదా వేస్తే మాత్రం ముహూర్తం చూడాలి: చవితి, నవమి, చతుర్దశి, అమావాస్య వదిలి, సోమ, బుధ, గురు, శుక్రవారాల్లో, రోహిణి, మృగశిర, పునర్వసు, పుష్యమి, ఉత్తర, హస్త, స్వాతి, అనూరాధ, శ్రవణం, రేవతి వంటి నక్షత్రాల్లో.

సామగ్రి పెద్దదేమీ కాదు. పళ్ళెంలో పరవడానికి కేజీన్నర బియ్యం, పుణ్యాహవాచనానికి కలశం, మామిడి కొమ్మ, పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్కలు, రెండు మూడు కొబ్బరికాయలు, అరటిపళ్ళు, బంగారు ఉంగరం, మొలతాడు, ఉయ్యాల, పేరంటాలకు నానబెట్టిన శనగలు. శనగలు ముందురోజు రాత్రే నానెయ్యాలి, పొద్దున్న గుర్తొస్తే గట్టిగానే ఉండిపోతాయి.

గణపతి పూజ, పుణ్యాహవాచనం అయ్యాక బియ్యాన్ని పళ్ళెంలో సమంగా పరిచి, తండ్రి ఉంగరంతో పేర్లు రాస్తాడు. బియ్యం పలచగా ఉంటే అడుగు కనబడి అక్షరాలు తేలతాయి, మందంగా పోస్తే గీత పూడిపోతుంది. వేలి మందంలో సగం చాలు. రాసేముందు తండ్రి చేత కాగితం మీద ఒకసారి రాయించండి, ఇంగ్లీషు మీడియంలో చదివిన తండ్రులు ఒత్తుల దగ్గర ఆగిపోతున్నారు. తర్వాత బిడ్డ కుడి చెవిలో పేరు చెప్పి, అందరి చేతా పిలిపించి, ఉయ్యాలలో వేస్తారు. చాలా ఇళ్ళలో ఆ పని మేనత్తది, ఆమె పట్టుచీర సంగతి ముందే మాట్లాడుకోవడం మంచిది. బాలింత చేత నూతిలో చేద వేయించడం కూడా ఆ రోజే. నుయ్యి లేని చోట కుళాయికి పసుపు, కుంకుమ పెట్టి బిందె పట్టిస్తున్నారు.

తేనె నాకించడం మాత్రం మానుకోండి. ఏడాది లోపు పిల్లలకు తేనెలోని సూక్ష్మజీవుల వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, వైద్యులు చుక్క కూడా వద్దంటారు. తేనె దేవుడికి నైవేద్యం పెట్టి, శుభ్రం చేసిన ఉంగరాన్ని ఉత్తినే పెదవికి తాకించండి. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వేయకండి.

రిజిస్టరులో పేరు

జనన నమోదు 21 రోజుల్లోపు జరగాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్ళే పంపుతారు. బారసాల కాలేదని దాన్ని ఆపనక్కర్లేదు, పేరు లేకుండానే నమోదవుతుంది. ఆ తర్వాత 12 నెలల్లోపు రుసుం లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, దాటితే ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ లోపు. పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్టణంలో మున్సిపాలిటీలో. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు: అత్తవారిది రాజోలైనా పురుడు పాలకొల్లు ఆసుపత్రిలో అయితే పాలకొల్లు మున్సిపాలిటీకే వెళ్ళాలి. పుట్టింట పురుడు పోసుకునే మన పద్ధతిలో ఇది మరిచిపోయి రెండు ఊళ్ళు తిరిగేవాళ్ళు ఎక్కువ.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి వెళ్ళేముందు పేరును తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకుని వెళ్ళండి, నోటితో చెప్పకండి. ఇంటిపేరు పూర్తిగా రాయించండి. తల్లిదండ్రుల పేర్లు వాళ్ళ ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పత్రం చేతికిచ్చినప్పుడు కౌంటరు దగ్గరే నిలబడి తేదీ, లింగం, పేర్లు ఒక్కొక్కటీ చదివి చూసుకోండి. ఆ పత్రం నకలుతోపాటే పుట్టిన నిమిషం, ఊరు, నక్షత్రం, పాదం, రాశి రాసిన కాగితం పెట్టి, రెండింటినీ ఫోనులో ఫొటో తీసి తల్లికి, తండ్రికి, ఇద్దరు అమ్మమ్మ-నాయనమ్మలకు పంపించండి.